ఎర్రసుద్ద పన్ను

బేతంచెర్ల సంతలో
గొడుగు కింద కూచొని పండ్లు పీకేటాయన
పన్నుకు రెన్నూర్లు అన్నాడు.
మాబున్ని నోరు తెరిచింది కూడా.
పటకారు తుప్పు చూసి చెయ్యి పట్టుకొని లాక్కొచ్చినా.
ఆ పొద్దు నాకు తెలిసిన వైద్యం అంతే.

కర్నూలు బస్సులో కిటికీ ఊచకు
వాచిన దవడ ఆనిచ్చి కూచున్నది.
డోను కాడ ఉగ్గాని వాసనొస్తే
మొగం పక్కకు తిప్పుకున్నది.

పండ్ల డాక్టరమ్మ, హిమజ అని బోర్డు,
మా చిన్నదాని ఈడు పిల్ల.
అద్దం పెట్టి చూసింది, లైటేసి చూసింది.
షుగరుందా? లేదు.
బీపీ? లేదు.
ఇంకేమన్నా మందులు, సూదులు?
లేవు తల్లీ, అనింది మాబున్ని
నేల చూస్తా.

లేవా.
మూన్నెల్లకోసారి పెద్దాస్పత్రిలో
చుక్కచుక్కగా ఎక్కిచ్చే సూది ఏమాయె?
రొమ్ములో గడ్డ తీసినాక, అది ఎన్నుపూసకు పాకినాక,
ఎముకలు పిండి కాకుండా పెట్టే సూది?

పక్క కుర్చీలో ఎవరో మొగాయన
నోట్లో దూది పెట్టుకొని కూచున్నాడు.
ఆయన ముందర ఆ మాట ఎట్లంటాది?
అయినా పంటికీ రొమ్ముకూ పొత్తు ఉందని
మాకు ఎవరు చెప్పినారు?

సంచిలోంచి ఫైలు నేనే తీసినా.
డాక్టరమ్మ చదివింది. మళ్ళా మొదటినుంచి చదివింది.
పటకారు పళ్ళెంలో పెట్టేసిన చప్పుడు
నాకింకా ఇనపడతానే ఉంది.

"పీకితే గుంత పూడకపోవచ్చు పెద్దాయనా.
మామూలుగా పన్ను పోయిన చోట
ఎముక మెల్లగా పెరిగి పూడ్చుకుంటుంది.
ఈ సూది పాత ఎముకను గట్టిగా పట్టుకుంటుంది గానీ
కొత్తది సరిగా కట్టుకోనివ్వదు.
కొందరికి పుండు మానక, దవడ ఎముక బయటపడి
అక్కడికక్కడే చచ్చిపోతుంది.
అందరికీ కాదు.
ఈమెకు కాదని మాత్రం నేను చెప్పలేను."

గుంత పూడదంటే నాకు వేరే చెప్పబల్లేదు.
ముప్పైయేండ్లు నాపరాయి గనిలో గడ్డపార పట్టినోన్ని.
పొర కింద పొర లేపుకొనిపోయి
ఊరి చుట్టూ ఇడిసిపెట్టిన గుంతలు ఎరుగుదును.
రాయి పోయిన చోట రాయి మొలవదు.
వానకు పచ్చనీళ్ళు నిలుస్తాయి.
మేకపిల్లలు పడతాయి.
ఒకపారి పకీరప్ప కొడుకు.

"మరి నొప్పో?" అనింది మాబున్ని.
ఆ గదిలో ఆమె ఆడిన మొదటి నిజం మాట.

"వేరు అట్లే ఉండనిద్దాం.
లోపలి నరం తీసి, కడిగి, మూసేస్తా.
పైన పుచ్చిన ముక్కను చిగురు దాకా అరగదీస్తా.
ఎముకను కదిలించను."

గట్టు కూలేటట్టుంటే
దాన్ని మోసే రాయిని మేమూ ముట్టం,
చుట్టూ చెక్కుతాం.
ఈ పిల్లకు ఆ సంగతి ఏ మేస్త్రీ నేర్పినాడో.

మూడు మంగళారాలు తిరిగినాం.
ఆ తరవాత ఒక రాత్రి
జొన్నరొట్టె పాలలో నానేసుకోకుండా తినింది.
ఏం అనలేదు. నేనూ అడగలేదు.
రెండో రొట్టెకు చెయ్యి చాపింది.

ఇప్పుడు యాపపుల్ల లేదు, మెత్తని బ్రష్షు.
పండుకునే ముందు ఉప్పునీళ్ళు.
వాకిట్లో ఆమె పుక్కిలిస్తాంటే
గుక్కకూ గుక్కకూ మధ్య నేను లెక్కపెడతాంటా.
సూది మొదలుపెట్టక ముందే
పండ్లు చూపిచ్చుకోవాల్సిందంట.
చెప్పాల్సినోళ్ళు ఎవరో కూడా మాకు తెల్దు,
ఎవరినని తిట్టేది?

చదువు రానోన్ని.
రాయి మీద గీత గీసే ఎర్రసుద్దతో
ఫైలు అట్ట మీద పన్ను బొమ్మ ఏసినా,
రెండు వేర్లు, పైన చదును.
దాని పక్కన సూది బొమ్మ.
రెంటికీ నడుమ ఒక గీత.

పోయినసారి పెద్దాస్పత్రిలో నర్సమ్మ
"ఇదేం బొమ్మ, ఆవు పొదుగా?" అని నవ్వింది.
మాబున్నే చెప్పింది,
పది మంది మొగోళ్ళు ఇంటాండంగ,
రొమ్ము కాడినుంచి మొదలుపెట్టి.